'అగ్ని నిష్క్రమణ' ఎవరికి దారి?

సందేహం: మా ఫ్యాక్టరీలో కొత్తగా తెలుగు బోర్డులు పెట్టిస్తున్నాం. ఇంగ్లీషు నుంచి తర్జుమా అయి వచ్చిన జాబితాలో ఫైర్ ఎగ్జిట్‌కు 'అగ్ని నిష్క్రమణ', ఫైర్ డోర్‌కు 'అగ్ని తలుపు' అని ఉంది. ఇవి సరైనవేనా? 'అగ్నిమాపక' అంటే నిప్పును కొలిచేదనే అర్థం వస్తుందని హిందీ తెలిసిన సహోద్యోగి అంటున్నారు. దాన్నీ మార్చాలా?
– ఒక సేఫ్టీ సూపర్‌వైజర్, విశాఖపట్నం

సమాధానం: ముందు అగ్నిమాపకం సంగతి. సంస్కృతంలో 'మాపక' అంటే కొలిచేదే. మన పాఠ్యపుస్తకాల్లోని ఉష్ణమాపకం, వర్షమాపకం అలా వచ్చినవే. అగ్నిమాపకంలో ఉన్నది మాత్రం తెలుగు 'మాపు'. మాయు అంటే చెరిగిపోవు. చెరిగిపోయేలా చేయడం మాపడం. రూపుమాపడంలో ఉన్నది ఇదే, పిల్లాడు చొక్కా మాపుకున్నాడన్నా ఇదే. ఆ తెలుగు క్రియకు సంస్కృతపు 'అక' తగిలించి, ముందు 'అగ్ని'ని నిలబెట్టారు. పాతకాలపు పండితులు దీన్ని వైరి సమాసమని ఈసడిస్తారు. అయినా జనం ఒప్పుకున్న మాట, రెండు రాష్ట్రాల్లోనూ శాఖ పేరే అది. మార్చకండి.

మార్చాల్సింది మిగతా రెండూ. సమాసాన్ని విడదీసి చూడండి. అగ్నిప్రమాదం: అగ్ని వల్ల ప్రమాదం. అగ్నిమాపకం: అగ్నిని మాపేది. మరి అగ్ని నిష్క్రమణ? అగ్ని యొక్క నిష్క్రమణ అనే వస్తుంది. అంటే బయటికి వెళ్లేది మనుషులు కాదు, నిప్పే! ఇంగ్లీషులో రెండు నామవాచకాలను పక్కపక్కన పెడితే నడిచిపోతుంది. తెలుగులో వాటి మధ్య ఏ విభక్తి దాగి ఉందో చదివేవాడికి తట్టాలి.

ఆ బోర్డుకు 'బయటికి దారి' చాలు. అగ్ని అన్న మాటే అక్కర్లేదు. ఆకుపచ్చ పలక మీద పరుగెత్తే మనిషి బొమ్మ, బాణం గుర్తు ఆ పని చేస్తాయి. ఇందులో ఇంకో సుళువుంది. 'నిష్క్రమణ'లో ష కింద క వత్తు, దానికి క్రావడి. దూరం నుంచి, అందులోనూ పొగలో, ఆ వత్తులు అలుక్కుపోతాయి. 'బయటికి దారి'లో ఒక్క వత్తూ లేదు.

'అగ్ని తలుపు'తో వచ్చేది నవ్వులాట కాదు. ఫైర్ డోర్ పని మంటనూ పొగనూ అవతలే ఆపడం. అది ఎప్పుడూ వేసి ఉండాలి. ఎగ్జిట్ తలుపు ఎప్పుడు తోసినా తెరుచుకోవాలి. రెండింటికీ 'అగ్ని' తగిలిస్తే కార్మికుడికి తేడా తెలియదు. పైగా 'మూసి ఉంచండి' అని రాస్తే తాళం కూడా బిగించేవాళ్లుంటారు. కాబట్టి మొదటిదానికి 'మంటలను ఆపే తలుపు. వేసి ఉంచండి, గడియ పెట్టకండి' అనీ, రెండోదానికి 'తాళం వేయకండి, అడ్డంగా సామాను పెట్టకండి' అనీ రాయించండి.

మీ జాబితాలో ఎలాగూ ఉంటుంది కాబట్టి లిఫ్టు బోర్డు గురించీ ఒక మాట. 'అగ్ని సంభవించినప్పుడు లిఫ్టు ఉపయోగించబడరాదు' అన్న కర్మణి వాక్యం తెలుగువాళ్ల నోట రాదు. 'మంటలు లేస్తే లిఫ్టు ఎక్కకండి, మెట్లు దిగండి' అనండి. మన భాషలో కాదనే ముక్క క్రియ చివర వస్తుంది. చోటు చాలక పెయింటరు 'వాడరాదు'ను విరిచి 'వాడ' ఒక వరసలో, 'రాదు' కింది వరసలో రాస్తే అర్థం చెడుతుంది. వ్యతిరేక క్రియను రెండు వరసలుగా విరగనివ్వకండి.

చట్ట ప్రకారం పెట్టే నోటీసులు ఇంగ్లీషుతో పాటు కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలో ఉండాలని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్ చెప్పేది. తెలుగు లిపిలో ఉన్నంత మాత్రాన 'అర్థమయ్యే భాష' అయిపోదు.

మంటలార్పే ఎర్ర సిలిండర్ పక్కన 'జ్వాల యొక్క ఆధారం వైపు గురిపెట్టుము' అని ఉంటే అదీ తీసేయించండి. ఆధారమంటే సాక్ష్యమనుకుంటారు. 'మంట మొదట్లో' అన్నా కొందరికి 'ముందుగా' అని తోస్తుంది. 'పిన్ను లాగండి. గొట్టం మంట అడుగుకు గురిపెట్టండి. మీట నొక్కండి. అటూ ఇటూ ఊపండి.' ఈ నాలుగూ నాలుగు వరసల్లో, ఇదే క్రమంలో ఉండాలి.