బ్లడ్ కల్చర్ తీసే ముందు

చెల్లే,

ఐసీయూ డ్యూటీ పడ్డదని విన్న. అడ్మిటైన 48 గంటల తర్వాత కొత్తగా చలిజ్వరం వచ్చినా, బీపీ పడిపోయినా యాంటీబయాటిక్ ఎక్కించకముందే బ్లడ్ కల్చర్ (రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో పెంచి చూసే పరీక్ష) తీయి. డాక్టర్ రాసిన డోసు మాత్రం దానికోసం ఆలస్యం కావొద్దు.

పెద్దోళ్లకైతే రెండు చేతుల నుంచి రెండు సెట్లు (సెట్ అంటే రెండు బాటిళ్లు), ఒక్కో బాటిల్‌కు 8 నుంచి 10 మి.లీ. ఒక మి.లీ. రక్తంలో ఒక్క బ్యాక్టీరియా కూడా ఉండకపోవచ్చు, రెండు మి.లీ. పోసి పంపితే ఏం దొరుకుతది? క్లోర్‌హెక్సిడిన్ స్పిరిట్‌తో చర్మాన్ని 30 సెకన్లు రుద్ది, ఇంకో 30 సెకన్లు ఆరనియ్యి. ఊదొద్దు. ఆరినంక నరం దొరకలేదని వేలితో తడిమితే మళ్లీ మొదటికే. బాటిల్ మూత కింది రబ్బరునూ స్పిరిట్‌తో తుడువు, అది స్టెరైల్ కాదు.

సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద నరం దాకా వేసే గొట్టం) ఉంటే లైన్ నుంచి ఒక సెట్, చేతి నుంచి ఒక సెట్ ఒకేసారి, సమానమైన రక్తం తీయి. ఏది ఎక్కడిదో లేబుల్ మీద రాయి. లైన్ బాటిల్ చేతి బాటిల్ కన్నా రెండు గంటలు, లేదా ఇంకా ఎక్కువ ముందు పాజిటివ్ అయితే (బ్యాక్టీరియా పెరిగితే) అనుమానం లైన్ మీదికే పోతది.

కోయాగ్యులేజ్ నెగటివ్ స్టెఫైలోకోకస్ అనే చర్మపు బ్యాక్టీరియా ఒక్క సెట్‌లోనే వస్తే చాలాసార్లు చర్మం మీదిదే. స్టెఫైలోకోకస్ ఆరియస్ మాత్రం ఒక్క బాటిల్‌లో వచ్చినా కొట్టెయ్యొద్దు. మన ఐసీయూల్లో క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ అనే బ్యాక్టీరియాలు ఎక్కువ. వాటిల్లో మెరోపెనెం లాంటి బలమైన యాంటీబయాటిక్‌కూ లొంగనివి ఉంటయి. అసినెటోబాక్టర్ పొడి మంచం కడ్డీ మీద కూడా రోజుల తరబడి బతుకుతది, చేతులతోనే పక్క బెడ్డుకు పోతది. బర్ఖోల్డేరియా సెపేసియా అనే బ్యాక్టీరియా తడిని వెతుక్కునే రకం. ఒకే వారంలో ఇద్దరు ముగ్గురికి వచ్చిందంటే ముందు సలైన్ బాటిళ్లు, యాంటీసెప్టిక్ డబ్బాలు చూడు. సలైన్ మూతకు సూది గుచ్చి వదిలి, పొద్దంతా అందులోంచే ఫ్లష్‌లు (లైన్ కడిగే సలైన్) లాగే అలవాటు చాలా వార్డుల్లో ఉంది, నాకు ఒళ్లు మండేది దానికే.

బాటిళ్లు ఫ్రిజ్‌లో పెట్టొద్దు, రెండు గంటల్లో ల్యాబ్‌కు చేరాలె. మిర్యాలగూడ నుంచి నల్లగొండకు పంపాల్సి వస్తే మే నెల ఎండలో బండి డాష్‌బోర్డు మీద పెట్టనియ్యకు. ఫారం మీద తీసిన టైము, అప్పటికే ఏ యాంటీబయాటిక్ నడుస్తుందో తప్పక రాయి.

మీ అక్క