గరుకు తొక్క ఆపిల్స్ పాడైనవి కావు

"అక్కా, మేం బర్మింగ్‌హామ్ వచ్చి నెలైంది. ఇక్కడ ఎర్ర ఆపిల్స్ పక్కనే సపోటాల్లా మట్టిరంగు తొక్కతో ఏవో ఆపిల్స్ పెడుతున్నారు. అవి తెగులు పట్టినవా? పిల్లలకు పెట్టొచ్చా?"

నిక్షేపంగా పెట్టొచ్చమ్మా. వాటిని రస్సెట్లు అంటారు. అది ఒక్క రకం పేరు కాదు, గరుకు తొక్క ఉన్న పాత రకాలన్నిటినీ కలిపి అలా పిలుస్తారు. కాయ ఎదిగేటప్పుడు తొక్క మీది నున్నటి పొర సన్నగా చిట్లి, అక్కడ బెరడులాంటి పొర కడుతుంది. వేరే ఆపిల్స్‌కి అలా అయితే లోపం అంటారు గానీ, వీటికది పుట్టుగుణం.

మీరు చూసినవి బహుశా ఎగ్రెమాంట్ రస్సెట్లు. సూపర్ మార్కెట్లలో ఎక్కువగా కనిపించేది ఆ రకమే. 1872 నాటికే దాని పేరు నమోదై ఉంది. గాలా ఆపిల్‌లా కొరకగానే రసం కారదు. కండ కాస్త పొడిగా, గట్టిగా ఉంటుంది. నములుతుంటే బాదంపప్పు లాంటి కమ్మదనం తెలుస్తుంది. తీపి ఉంటుంది కానీ మొహం మొత్తదు. ఇక్కడివాళ్లు చెడ్డార్ చీజ్ ముక్కతో కలిపి తింటారు, మీరూ తిని చూడండి.

నాకు మాత్రం అన్నిట్లోకీ ఆష్‌మీడ్స్ కెర్నల్ ఇష్టం. 1700 ప్రాంతంలో గ్లోస్టర్‌లో పుట్టిందంటారు. పులుపూ తీపీ రెండూ గట్టిగా ఉంటాయి, వాసన కూడా బాగుంటుంది. పెద్ద షాపుల్లో అరుదు, అక్టోబరు, నవంబరుల్లో ఫార్మర్స్ మార్కెట్లో అడగండి. సెయింట్ ఎడ్మండ్స్ రస్సెట్ సెప్టెంబరులోనే వస్తుంది కానీ నిలవ ఉండదు, కొన్న వెంటనే తినేయాలి.

కొనేటప్పుడు రంగు చూడకండి. చేతిలో బరువుగా, గట్టిగా ఉందో లేదో చూడండి. ఈ తొక్కలోంచి తడి త్వరగా ఆరిపోతుంది, బయట పెడితే కాయ ముడతలు పడుతుంది. కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. తొక్కతోనే తినొచ్చు. గరుకు నచ్చకపోతే పిల్లలకు చెక్కు తీసి పెట్టండి.

పులిహోరకి, పప్పుకి మామిడికాయ బదులు మాత్రం ఇవి వాడకండి, ఆ పులుపు చాలదు. దానికి బ్రామ్లీ అని వంటకి వాడే పుల్లటి ఆపిల్ ఉంది. ఉడికితే మెత్తగా నురగలా అయిపోతుంది కాబట్టి పప్పులో చక్కగా కలిసిపోతుంది. పులిహోరకైతే పచ్చిగా తురిమి, పొయ్యి కట్టేశాక కలపండి.

కెంట్‌లో ఫావర్‌షామ్ దగ్గర బ్రాగ్డేల్ అని జాతీయ పండ్ల తోట ఉంది. 2,000కు పైగా ఆపిల్ రకాలు అక్కడ పెంచుతున్నారు. పిల్లల్ని తీసుకెళ్లాలంటే కాయలు కోతకొచ్చే సెప్టెంబరు, అక్టోబరుల్లో వెళ్లండి.