పార్టు కొనే ముందు మెషీన్‌నే అడుగు

మారతహళ్లి, బెంగళూరు

చిరంజీవి అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు. ల్యాబ్‌లో సర్వర్ల పని నీకు అప్పగించారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు, చాలా సంతోషం. ఒక్క మాట గుర్తుపెట్టుకో. నెట్‌వర్క్ కార్డు పనిచేయకపోతే టెన్షన్ పడి ఎస్పీ రోడ్డులోని కంప్యూటర్ షాపులకు పరుగెత్తకు. నేను ఒకసారి అలాగే వెళ్లి కొత్త కార్డు తెచ్చి బిగించాను. అదీ పనిచేయలేదు. చివరికి చూస్తే డ్రైవర్, అంటే కార్డును నడిపే సాఫ్ట్‌వేర్, లోడ్ కాలేదు. పాత కార్డు నిక్షేపంలా ఉంది.

ముందు లినక్స్ టెర్మినల్‌లో, మెషీన్‌లోని కార్డుల లిస్టు చూపే ఎల్‌ఎస్‌పీసీఐ (lspci) కమాండ్ కొట్టు, పక్కన హైఫన్ కె (-k) పెట్టు. ప్రతి డివైస్ కింద దాన్ని నడిపే డ్రైవర్ పేరు వస్తుంది. 'కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్' అన్న లైన్ లేకపోతే దాన్ని ఏ డ్రైవరూ పట్టుకోలేదన్నమాట. అసలు డివైసే లిస్టులో లేకపోతే అప్పుడు స్లాటూ, బయాస్ (మెషీన్ ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్) సెట్టింగులూ చూడు. హైఫన్ ఎన్‌ఎన్ పెడితే తయారీదారు నంబరు కనిపిస్తుంది. 8086 అంటే ఇంటెల్, 1978లో వాళ్లు తెచ్చిన ప్రాసెసర్ నంబరే అది. 1022 అంటే ఏఎమ్‌డీ.

ఇక రిసోర్సులు. మా రోజుల్లో పీసీకి 0 నుంచి 15 వరకు 16 ఐఆర్‌క్యూలే, అంటే కార్డులు ప్రాసెసర్‌ను పిలిచే లైన్లు. రెండు కార్డులు ఒకే నంబరు కోసం కొట్టుకుంటే కార్డు మీది జంపర్లు (పిన్నులకు తగిలించే చిన్న క్లిప్పులు) మార్చి సర్దేవాళ్లం. ఇప్పుడు ఆ పని మెషీనే చేసుకుంటుంది కానీ చూడటం మానకు. సుడోతో (అడ్మిన్ అధికారంతో), హైఫన్ వి పెట్టి ఎల్‌ఎస్‌పీసీఐ కమాండే కొడితే ఐఆర్‌క్యూ, మెమరీ అడ్రస్‌లు వస్తాయి. ప్రాక్ (/proc) ఫోల్డర్‌లో, ప్రతి డివైస్ ప్రాసెసర్‌ను ఎన్నిసార్లు పిలిచిందో లెక్క చూపే ఇంటరప్ట్స్ ఫైల్‌ను కొన్ని సెకన్ల తేడాతో రెండుసార్లు చదువు. డేటా వస్తున్నా ఆ కార్డు లెక్క ప్రాసెసర్‌లోని ఏ కోర్ కిందా పెరగకపోతే అనుమానించు. అక్కడే మెమరీ అడ్రస్‌ల పట్టిక ఉండే ఐఓమెమ్ ఫైల్‌ను సుడో లేకుండా తెరిస్తే అడ్రస్‌లన్నీ సున్నాలుగా వస్తాయి, కంగారు పడకు.

యూఎస్‌బీకి ఎల్‌ఎస్‌యూఎస్‌బీ, డిస్కులకు ఎల్‌ఎస్‌బీఎల్‌కే. ర్యామ్ స్లాట్లకు డీఎమ్ఐడీకోడ్ కమాండ్ ఉంది, కానీ అది బయాస్ రాసిపెట్టిందే చదివి చెబుతుంది. అందులో తప్పులుంటాయి. ర్యామ్ ఆర్డర్ పెట్టేముందు మూత తీసి కళ్లతో చూడు.

అన్నీ బాగున్న రోజే ఈ అవుట్‌పుట్‌లన్నీ తేదీతో ఫైల్‌లో దాచు. పాడైన రోజు పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. ముందు నీ సొంత ల్యాప్‌టాప్‌తో మొదలుపెట్టు. ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు పట్టుకురా, కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న