రీలు ఉంటుంది, కడిగేవాళ్ళ సంగతే చూసుకోండి

"డిజిటల్ కాలంలో ఫిల్మ్ రీలుకి భవిష్యత్తు ఉందా? ఇప్పుడు ఫిల్మ్ కెమెరా కొంటే డబ్బు దండగేనా?" అని అడిగారు.

ఉంది. కొనుక్కోండి. కాకపోతే కొనేముందు రీలు కడిగేవాళ్ళు మీకు అందుబాటులో ఉన్నారో లేదో కనుక్కోండి. జవాబు ఇంతే. మిగతాదంతా నా సోది, తీరికుంటే చదవండి.

మా మేనమామకి చీరాలలో ఫొటో స్టూడియో ఉండేది. 1974లో పెట్టాడు. నా వేసవి సెలవులన్నీ అక్కడే గడిచాయి. అక్కడ నాకెవరూ ఫొటోలు తీయడం నేర్పలేదు, నా డ్యూటీ ఐసు తేవడం. బ్లాక్ అండ్ వైట్ రీలు కడిగే డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెలలో మా ట్యాంకు నీళ్ళతో ఏకంగా టీ పెట్టుకోవచ్చు. ఆ వేడికి రీలు మీది జిగురు పొర మెత్తబడిపోయి, వేలు తగిలితే చాలు లేచొచ్చేది. అందుకని మధ్యాహ్నం పూట పక్క సందులో సోడా కొట్టుకి పరిగెత్తి, ఊకలో కప్పిన ఐసుగడ్డని గోనెపట్టాలో చుట్టి తెచ్చేవాణ్ణి. మావయ్య దాన్ని తొట్టిలో పడేసి, మధ్యలో మందు గిన్నె పెట్టి, వేలు ముంచి చూసి "ఊఁ" అనేవాడు. థర్మామీటరు గోడకి వేలాడుతూనే ఉండేది. దాని మొహం చూసిన పాపాన పోలేదు.

రీలు చచ్చిపోయిందన్న మాట నేను చాలాసార్లు విన్నాను. ఊటీలో కేంద్ర ప్రభుత్వానికి హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ అని ఒక ఫ్యాక్టరీ ఉండేది. 1960లో పెట్టారు, 1967లో ఉత్పత్తి మొదలైంది. 'ఇందు' పేరుతో రీళ్ళు, ఎక్స్‌రే ఫిల్మ్, ప్రింట్ వేసే పేపరూ వచ్చేవి. దానికి నష్టాలు మొదలైనప్పుడే "ఇక అయిపోయింది" అన్నారు. 2012 జనవరిలో కోడాక్ దివాలా అంటూ కోర్టుకెళ్ళిందని పేపర్లో చదివి, మావయ్య ఇంట్లో ఎవరో పోయినట్టు ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు. తీరా చూస్తే ఏమైంది? అదే కోడాక్ ఆ ఏడాదే ఆపేసిన ఎక్టాక్రోమ్ స్లైడ్ రీలుని 2018లో మళ్ళీ తెచ్చింది. ఇంగ్లండ్‌లో ఇల్ఫర్డ్ రీళ్ళు చేసే హార్మన్ వాళ్ళు 2023 చివర్లో ఫీనిక్స్ అని కొత్తగా కలర్ రీలు దింపారు. 2024లో పెంటాక్స్ వాళ్ళు సరికొత్త ఫిల్మ్ కెమెరానే తయారుచేశారు. అందులో ఫ్రేము సగమే పడుతుంది కాబట్టి 36 ఫొటోల రీలుకి 72 వస్తాయి. చావబోయేవాడికి ఎవరైనా కొత్త బట్టలు కుట్టిస్తారా? ఇంకో యాభై ఏళ్ళు రీలు ఉంటుంది, రాసిపెట్టుకోండి. ధర మాత్రం నన్నడక్కండి. ఈ మధ్య ఒక్క కలర్ రీలుకి దగ్గర దగ్గర వెయ్యి పెట్టాను. ఆ డబ్బుతో ఒకప్పుడు మావయ్య చిన్న పెళ్ళి లాగించేవాడు.

అసలు చిక్కంతా కడిగే దగ్గరే ఉంది. కలర్ రీలు కడిగే మందు 38 డిగ్రీల దగ్గర ఉండాలి, రీలు అందులో సరిగ్గా 3 నిమిషాల 15 సెకన్లు ఉండాలి. ల్యాబ్‌లో మెషిన్ ఆ పని దానంతటదే చేస్తుంది. కానీ ఆ మెషిన్‌కి రోజూ మేత పడుతుండాలి. రీళ్ళు వస్తున్నకొద్దీ పాత మందులో కొత్త మందు కలుస్తూ బలం నిలుస్తుంది. రోజుకి రెండో మూడో వస్తే, గాలి తగిలి మందు ఊరికే పాడైపోతుంది. అప్పుడు రంగులు తప్పుతాయి, జనం తిట్టుకుంటారు, ఆ రెండు రీళ్ళు కూడా రావు. ఊళ్ళలో కలర్ ల్యాబులు ఒక్కొక్కటే మూతపడింది ఇలాగే. పోయినేడు నేనొక ల్యాబ్‌కి రెండు రీళ్ళు కొరియర్ చేశాను. పేరు ఎందుకులెండి. మూడు వారాలకి వచ్చాయి, పొడుగునా గీతలు. ఫోన్ చేస్తే "మీ కెమెరా చూపించుకోండి సార్" అన్నాడు. ముప్ఫయ్యేళ్ళుగా గీత పడని కెమెరా అది. బ్లాక్ అండ్ వైట్‌తో ఈ బాధ లేదు. రెండు మందులు, ఒక ట్యాంకు, చీకటి బాత్రూమ్ ఉంటే ఇంట్లోనే కడుక్కోవచ్చు. ఐసు ఇప్పుడు ఫ్రిజ్‌లోనే ఉందాయె.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది.

2009, వానాకాలం. మావయ్య అప్పటికి పూర్తిగా డిజిటల్‌కి మారిపోయాడు. డార్క్ రూమ్ ఖాళీ చేసి అక్కడ కంప్యూటర్, ప్రింటర్ పెట్టాలని ఆయన ప్లాను. నేను ఉద్యోగానికి సెలవు పెట్టి చీరాలలోనే ఉన్నాను కాబట్టి, సర్దే పని నామీద పడింది. లోపల అటక నిండా డబ్బాలు. బిస్కెట్ డబ్బాలు, బ్రొమైడ్ పేపర్ అట్టపెట్టెలు. ప్రతిదాంట్లో బటర్ పేపర్ కవర్లు, కవర్ మీద నంబరు, లోపల నెగెటివ్. ఎవరైనా వచ్చి ఫొటో వెనక నంబరు చెబితే, అందులోంచి తీసి కాపీ వేసిచ్చేవాళ్ళు. ఊరి మొహాలన్నీ ఆ డబ్బాల్లోనే ఉన్నాయంటే అతిశయోక్తి కాదు.

వాటిని కొనడానికి హైపో ఆయన వచ్చాడు. అందరూ ఆయన్ని అలాగే పిలిచేవాళ్ళు. హైపో అంటే డెవలపర్ తర్వాత రీలుని ముంచే మందు. వాడేసిన హైపోలో రీలు నుంచి దిగిన వెండి ఉంటుంది, దాన్ని డబ్బాల లెక్కన స్టూడియోల దగ్గర కొనుక్కుపోవడం ఆయన వ్యాపారం. ఆస్పత్రుల్లో పాత ఎక్స్‌రేలు కూడా కొనేవాడు. స్ప్రింగ్ త్రాసు, రెండు గోనెసంచులు తెచ్చుకుని వసారాలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నేను డబ్బా తెచ్చి కుమ్మరిస్తుంటే, ఆయన ఒక్కో నెగెటివ్‌నీ వెలుతురు వైపు ఎత్తి, రెప్పపాటు చూసి, సంచిలోకో పక్కకో విసురుతున్నాడు. చీట్లపేక పంచినట్టే ఉంది ఆ వేగం. పక్కకి పడేవన్నీ నారింజ రంగువి.

"అవెందుకు తీసేస్తున్నారు?" అన్నాను.

"అయి రంగుయి బాబూ. వాటిల్లో ఏం లేదు. పారేసుకోండి."

ఆ ముక్క నాకు తర్వాత ఎక్కింది. బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లో కనిపించే నలుపంతా వెండే. కలర్ రీలులో కడిగేటప్పుడే వెండి మొత్తం వదిలిపోయి, ఉత్త రంగు మిగులుతుంది. ఆ రంగు ఏళ్ళు గడిచేకొద్దీ వెలుస్తుంది. వెండి వెలవదు, బాగా కడిగి దాస్తే నూరేళ్ళయినా ఉంటుంది. అంటే ఆ రోజు మా వసారాలో నిలబడే సరుకంతా సంచిలోకి వెళ్ళింది, వెలిసిపోయే సరుకు మాకు మిగిలింది. ఆ సంచుల్లోవి తర్వాత కాస్టిక్ సోడాలో నానతాయి, పొర ఊడొస్తుంది, ఆ మడ్డి నుంచి వెండి తీస్తారు.

"మావయ్యా, ఎవరైనా కాపీ కావాలని వస్తే?" అని లోపలికి కేకేశాను. ఆయన కంప్యూటర్ ముందు ఎవరిదో పాస్‌పోర్ట్ ఫొటోకి వెనక నీలం రంగు నింపుతున్నాడు. "పదేళ్ళయింది ఎవడైనా అడిగి. కానీరా" అన్నాడు, తల తిప్పకుండా.

కిలో నూటముప్ఫై చొప్పున పద్దెనిమిది కిలోలు. 2,340 రూపాయలు. ఆ డబ్బుతో మావయ్య రెండు మెమరీ కార్డులు కొన్నాడు. అవి ఇప్పుడు ఎక్కడున్నాయో ఆయనకే తెలీదు.

ఆయన్ని తప్పుపట్టను. ఆ సంచులు పట్టుకుని నిలబడింది నేనే కదా. కానీ అప్పటి నుంచి ఎవరైనా "మా ఫొటోలన్నీ ఫోన్లో భద్రంగా ఉన్నాయి" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఏది భద్రం? ఫోన్ నీళ్ళలో పడితే పోయె, పాస్‌వర్డ్ మర్చిపోతే పోయె. నెగెటివ్‌ని కిటికీ వైపు ఎత్తితే చాలు, మనిషి కనిపిస్తాడు. హైదరాబాద్ ఆరో నిజాం కొలువులో ఫొటోగ్రాఫర్‌గా పనిచేసిన రాజా దీన్‌దయాళ్ గాజు నెగెటివ్‌లు 2,857 ఇప్పటికీ ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. ఆయన పోయింది 1905లో. మా చెల్లెలి పెళ్ళి 2011లో. మూడు వేల ఫొటోలు తీశారు, నాలుగు కెమెరాలు తిరిగాయి. ఇవాళ ఆ పెళ్ళివి మిగిలినవి ఏవయ్యా అంటే, కరిజ్మా ఆల్బంలో అచ్చయినవే. ఆ ఆల్బంలోనేమో పెళ్ళికూతురు చందమామలో కూర్చుని ఉంటుంది, పెళ్ళికొడుకు స్విట్జర్లాండ్ మంచుకొండ మీద పట్టుపంచెతో నిలబడి ఉంటాడు. జీలకర్రబెల్లం ఎక్కడ పెట్టారో వెతుక్కోవాలి. ఇప్పుడైతే పంతులుగారి మంత్రాల మీద డ్రోను రొద ఒకటి అదనం.

కాబట్టి ఫిల్మ్ కెమెరా కొనేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. ల్యాబ్ వాళ్ళు స్కాన్ చేసి ఫోన్‌కి పంపేశారు కదా అని నెగెటివ్‌లు అక్కడే వదిలేసి రాకండి. వదిలేస్తున్నారట, ఒక ల్యాబ్ కుర్రాడే చెప్పాడు. అలాంటప్పుడు ఇంత డబ్బు పోసి రీలు మీద తీయడం దేనికి? ఫోన్లోనే ఫిల్టర్ కొట్టుకోవచ్చుగా.

ఆ రోజు హైపో ఆయన చూడకుండా ఒక కవర్ జేబులో వేసుకున్నాను. నంబరు 4417. కావాలని ఏరింది కాదు, చేతికి దొరికింది. నెగెటివ్ కదా, ఇద్దరికీ జుట్టు తెల్లగా, మొహాలు నల్లగా, ఆమె బొట్టు తెల్లటి చుక్కలా ఉంది. ఇద్దరి మధ్య స్టూలు మీద ఏదో పెట్టె. చాలా ఏళ్ళు పర్సులోనే ఉంచుకున్నాను. పోయిన సంక్రాంతికి లాప్‌టాప్‌లో తెల్ల స్క్రీన్ పెట్టి, చుక్కలు పడకుండా దాని మీద రెండు గాజు గ్లాసులు బోర్లించి, వాటి మీద నెగెటివ్ ఆనించి ఫోన్‌తో తీసి, రంగులు తిరగేశాను. కొత్తగా పెళ్ళయిన జంట. అతని చొక్కా కాలర్ చెవుల దాకా ఉంది. ఆమె నవ్వు ఆపుకుంటోంది. ఆ పెట్టె ట్రాన్సిస్టర్ రేడియో.

మావయ్యకి చూపించాను. కంటి ఆపరేషన్ అయ్యాక ఆయనకి ఫోన్ బాగానే కనిపిస్తోంది. రెండు వేళ్ళతో పెద్దది చేసి అతన్ని చూశాడు, ఆమెని చూశాడు, పెదవి విరిచాడు. ఇంకాస్త కిందికి జరిపి ఒక్కసారిగా నవ్వాడు.

"ఇది మన రేడియోరా! పేటలో ఏ కొత్త జంటొచ్చినా ఇదే పెట్టేవాణ్ణి. లోపల బ్యాటరీలు కూడా ఉండేవి కావు."