సెలెక్షన్‌లో పక్కన పెట్టిన పిల్లాడు ఇప్పుడు ముందు పరుగెత్తుతుంటే

ప్రశ్న: మా అబ్బాయి గుంటూరులో పదో తరగతి చదువుతున్నాడు. పొట్టిగా ఉన్నాడని, స్పీడ్ లేదని రెండేళ్లుగా స్కూల్ టీమ్‌లోకి తీసుకోలేదు. ఈసారి క్రాస్ కంట్రీకి ఒక పిల్లాడు తక్కువైతే పంపారు. మూడోవాడిగా వచ్చాడు! ఇప్పుడు విజయవాడ రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీ చేరనంటున్నాడు. వాళ్ల నాన్నేమో ‘పరుగు కూడు పెడుతుందా’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆ మూడో స్థానాన్ని అదృష్టం కింద మాత్రం కొట్టిపారేయకండి. ఇలాంటి పిల్లలు ప్రతి స్కూల్లోనూ ఉంటారు, చాలామంది ఎవరి కంటా పడకుండానే పదో తరగతి దాటిపోతారు. నాకు బాధ కలిగించే విషయం అదే.

మన దగ్గర సెలెక్షన్స్ అంటే సాధారణంగా వందో రెండొందలో మీటర్లు పరుగెత్తించి, ముందొచ్చిన నలుగురిని తీసుకోవడమే. పదమూడేళ్లప్పుడు ఆ నలుగురూ చాలావరకు అప్పటికే ఎత్తు పెరిగిన పిల్లలే అయ్యుంటారు. కొందరు మగపిల్లలు పదిహేను, పదహారేళ్లకు గాని పుంజుకోరు. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరి శరీరాల మధ్య రెండేళ్ల తేడా ఉండొచ్చు. పైగా క్రాస్ కంట్రీ వేరే పరుగు. జాతీయ పోటీల్లో అండర్-18 అబ్బాయిలు 6 కిలోమీటర్లు పరుగెత్తుతారు, అదీ ట్రాక్ మీద కాదు, మట్టిలో, గడ్డిలో. దానికి కావాల్సిన గుండె బలం, ఊపిరి నెలల తరబడి నిదానంగా పరుగెత్తితేనే వస్తాయి. వంద మీటర్ల సెలెక్షన్‌లో అది కనపడదు. ఇంకో సంగతి, ఇందులో టీమ్ ఫలితానికి పిల్లల స్థానాలను కూడతారు, మొత్తం తక్కువ వచ్చిన టీమ్ గెలుస్తుంది. అంటే వెనక వచ్చేవాడు నాలుగు స్థానాలు ముందుకు జరిగినా టీమ్ గెలవొచ్చు.

అవినాష్ సాబ్లేని చూడండి. మహారాష్ట్రలోని బీడ్ జిల్లా రైతు కుటుంబం. ఇంటర్ అయ్యాక ఆర్మీలో చేరాడు, సియాచిన్‌లో పనిచేశాడు. క్రాస్ కంట్రీ పోటీల్లోకి వచ్చింది 2015లో, ఇరవై దాటాక. 2018లో 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లో (అడ్డుకర్రలు, నీటి గుంట దాటుతూ పరుగెత్తే పోటీ) జాతీయ రికార్డు, 2022 కామన్వెల్త్ క్రీడల్లో రజతం, 2023లో హాంగ్‌ఝౌ ఏషియాడ్‌లో స్వర్ణం. మీ అబ్బాయి సాబ్లే అవుతాడని నేను చెప్పలేను. పదహారేళ్లకే ఎవరి లెక్కా తేల్చకూడదని మాత్రం గట్టిగా చెబుతాను.

అయితే మొదటి ఏడాది టైమ్ గబగబా తగ్గుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. అప్పుడు పిల్లాడు టెన్షన్ పడి దూరం ఒక్కసారిగా పెంచేస్తే మోకాలి కింద నొప్పి మొదలవుతుంది. వారంలో ఎక్కువ రోజులు పక్కవాడితో మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత నిదానంగానే వెళ్లమనండి. మన ఎండలకు తెల్లవారుజామునే ముగించాలి. ఊరికే అలసిపోతుంటే తిట్టకుండా ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి.

ఇక చదువు. ఎంపీసీ చేర్చండి, కానీ హాస్టల్ వద్దు. రాత్రి దాకా స్టడీ అవర్స్, తెల్లారకముందే మళ్లీ లేపడం ఉండే చోట ఎదిగే పిల్లాడికి నిద్రే చాలదు, ఇక పరుగెక్కడ? డే స్కాలర్‌గా గుంటూరులోనే చదవనివ్వండి. కాలేజీ నుంచి బీఆర్ స్టేడియం ఎంత దూరమో చూసుకోండి. విజయవాడే తప్పకపోతే ఇందిరాగాంధీ స్టేడియానికి దగ్గర్లో, హాస్టల్ లేని కాలేజీ వెతకండి. ఫీజు కట్టకముందే ప్రిన్సిపాల్‌ని అడగండి, పోటీలకు వెళితే అటెండెన్స్ ఇస్తారా అని. నోటిమాట చాలదు, కాగితం మీద రాయించుకోండి.

వాళ్ల నాన్నగారి ప్రశ్న న్యాయమైనదే. ఒక్క జోనల్ సర్టిఫికెట్‌తో ఉద్యోగం రాదు. రైల్వే, సైన్యం లాంటి చోట్ల స్పోర్ట్స్ కోటాకు రాష్ట్ర, జాతీయ స్థాయి కావాలి. కానీ కేంద్ర బలగాల్లోకి స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ తీసుకునే ఎస్‌ఎస్‌సీ జీడీ కానిస్టేబుల్‌ ఉద్యోగానికి అబ్బాయిలు 24 నిమిషాల్లో 5 కిలోమీటర్లు పరుగెత్తాలి. చాలామంది అక్కడే ఆగిపోతారు, మీ అబ్బాయికి అది రోజువారీ పరుగు. వ్యాయామ విద్య మీద ఇష్టముంటే డిగ్రీ తర్వాత బీపీఎడ్ ఉంది.

ఇంటర్ రెండేళ్లూ ప్రతి రేసు తేదీ, దూరం, టైమ్ ఒక నోట్‌బుక్‌లో రాయించండి. రెండో ఏడాది సంక్రాంతి సెలవుల్లో ఆ పుస్తకం ముందు పెట్టుకుని ముగ్గురూ కూర్చుని డిగ్రీ సంగతి మాట్లాడుకోండి. ఈలోగా ఒక్క రేసుకైనా వాళ్ల నాన్నగారిని తీసుకెళ్లండి.