విదేశంలో ఉంటూ ఆస్తి బాధ్యత తమ్ముడికి అప్పగించాలంటే?

ప్రశ్న: ఉద్యోగరీత్యా అమెరికాలో ఉంటున్నాను. భారతదేశంలో నా పేరిట ఒక ఇల్లు, ఖాళీ స్థలం ఉన్నాయి. అద్దె వసూలు, పన్ను చెల్లింపు, మరమ్మతులు తమ్ముడికి అప్పగించదలచాను. పనిలో పనిగా అమ్మే హక్కు కూడా కలిపి జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (నా తరఫున వ్యవహారాలు నడిపే అధికారమిచ్చే పత్రం) రాసివ్వమని బంధువులు అంటున్నారు. రాయవచ్చా? తర్వాత రద్దు చేసుకోగలనా?

జవాబు: మీరు చెప్పిన పనుల్లో దేనికీ అమ్మకపు అధికారం అక్కరలేదు కనుక దానిని ఇవ్వవద్దనే నా సలహా. ఆ అధికారం అమల్లో ఉండగా మీ తమ్ముడు మీ తరఫున స్థలం అమ్మి రిజిస్టర్ చేస్తే ఆ విక్రయానికి సాధారణంగా మీరు కట్టుబడవలసిందే. స్థలం వెనక్కి రాక, డబ్బుకు లెక్క చెప్పమని తోడబుట్టినవాడి మీదే దావా వేయవలసిన పరిస్థితి ఏ కుటుంబానికీ రాకూడదు.

పత్రంలో 'నా ఆస్తులకు సంబంధించిన సమస్త వ్యవహారాలు' అని రాయకుండా, ఇంటి నంబరు, సర్వే నంబరు, నాలుగు హద్దులతో ఆస్తిని పేర్కొని, అద్దె ఒప్పందంపై సంతకం చేయడం, అద్దెను మీ ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (ప్రవాస భారతీయులు ఇక్కడి ఆదాయాన్ని జమ చేసుకునే బ్యాంకు ఖాతా) జమ చేయించడం, ఇంటి పన్ను కట్టడం, స్థలం ఆక్రమణకు గురైతే ఫిర్యాదు చేయడం అంటూ ఒక్కొక్క పనినీ విడిగా రాయించండి. విక్రయించే, తనఖా పెట్టే, దానం చేసే అధికారం లేదని కూడా చేర్చండి. న్యాయస్థానాలు ఇటువంటి పత్రాలను అందులో రాసిన మేరకే అన్వయిస్తాయి.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ ప్రకారం, విదేశంలో ఉన్నవారు భారత కాన్సులేట్ అధికారి లేదా నోటరీ వంటివారి ఎదుట సంతకం చేసి ధ్రువీకరణ పొందాలి. నోటరీ చేయిస్తే అపోస్టిల్ (ఆ నోటరీ సంతకం, ముద్ర నిజమైనవేనని అక్కడి ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) కూడా వేయించడం మేలు. పత్రం భారతదేశానికి చేరిన 3 నెలల్లోగా స్టాంపు సుంకం చెల్లించాలి కనుక, చేరిన తేదీ కనిపించే కొరియర్ కవరును భద్రపరచమని తమ్ముడికి చెప్పండి. చాలామంది పట్టించుకోరు గానీ, గడువుపై వివాదం వస్తే అది మంచి ఆధారం.

ఆ ఆస్తిలో మీ తమ్ముడికి స్వంత ప్రయోజనం లేనంతవరకు ఈ అధికారాన్ని మీరు ఎప్పుడైనా రద్దు చేయవచ్చు. అయితే 1872 నాటి కాంట్రాక్టు చట్టం 208వ సెక్షన్ ప్రకారం, రద్దు సంగతి తెలియనివారి విషయంలో అది తెలిసేంతవరకు అమల్లోకి రాదు. కాబట్టి రద్దు పత్రం రాసి ఊరుకోకుండా తమ్ముడికి, అద్దెదారుకు, బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేసి, అసలు పత్రాన్ని వెనక్కి తీసుకోండి.

ముందుముందు స్థలం అమ్మదలచుకుంటే, కొనేవారెవరో, ధర ఎంతో ఖరారయ్యాక ఆ ఒక్క విక్రయానికే పరిమితమైన స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీని విడిగా ఇవ్వవచ్చు.