రైళ్ల ఆలస్యాన్ని తగ్గించే నిర్ణయాలను మెషిన్ లెర్నింగ్‌కు పూర్తిగా అప్పగించవచ్చా?

రద్దీ మార్గంలో ఒక రైలు ఆలస్యమైతే దేన్ని ముందు పంపాలో, దేన్ని లూప్ లైన్‌లో (ప్రధాన లైన్ పక్కన రైలును నిలిపి ఉంచే లైన్) ఆపాలో తేల్చే పనికి మెషిన్ లెర్నింగ్ ఒక్కటే సరిపోతుందా, ఆప్టిమైజేషన్ (నియమాలకు లోబడిన ఎంపికల్లో మేలైనదాన్ని గణితంతో వెతికే పద్ధతి) కూడా నేర్చుకోవాలా అని మీరు అడిగారు. ఒక మార్గంలో రైళ్ల రాకపోకలను నిర్ణయించే సెక్షన్ కంట్రోలర్లకు సూచనలిచ్చే సాఫ్ట్‌వేర్‌పై కొన్నేళ్లు పనిచేసినవాడిగా నేను చెప్పగలిగింది ఇది: నిర్ణయాన్ని ఆప్టిమైజేషన్‌కు వదిలి, దానికి కావలసిన అంచనాలను మెషిన్ లెర్నింగ్ చేత చేయించండి.

పట్టాలను విభజించిన భాగాలైన బ్లాక్ సెక్షన్లలో ఒక్కోదానిలో ఒకసారి ఒకే రైలు ఉండాలి, ముందు సెక్షన్ ఖాళీ అయ్యేదాకా వెనుక రైలు తానున్న చోటును వదలదు. అందువల్ల రెండు రైళ్లు ఒకే సెక్షన్‌ను కోరుకునే ప్రతిచోటా ఏది ముందు వెళ్లాలన్న ఎంపిక తలెత్తుతుంది. అలాంటి చోట్లు 20 ఉన్నా కలయికలు 10 లక్షలు దాటుతాయి, వాటిలో కొన్ని సింగిల్ లైన్‌పై రైళ్లు ఎదురెదురుగా నిలిచి ఎటూ కదలలేని స్థితికి దారితీస్తాయి. సిగ్నళ్లను, పట్టాల మలుపులను ముడిపెట్టే భద్రతా వ్యవస్థ అయిన ఇంటర్‌లాకింగ్ ఢీకొనడాన్ని ఆపుతుంది గానీ ఈ ప్రతిష్టంభనను ఆపదు. నియమాలను సమీకరణాలుగా రాసుకున్న సాల్వర్ (ఆప్టిమైజేషన్ లెక్కను పరిష్కరించే సాఫ్ట్‌వేర్) అటువంటి కలయికలను మొదటే తోసిపుచ్చుతుంది, ఉదాహరణల నుంచి నేర్చుకున్న మోడల్ నుంచి ఆ హామీ దొరకదు. స్విట్జర్లాండ్ ఫెడరల్ రైల్వే భాగస్వామ్యంతో కంప్యూటర్‌లో అనుకరించిన రైళ్లను నడిపించే ఫ్లాట్‌లాండ్ పోటీ జరిగింది; అందులో, 2020లో కూడా, ప్రయత్నిస్తూ తప్పుల నుంచి నేర్చుకునే మెషిన్ లెర్నింగ్ పద్ధతి అయిన రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ కంటే దారులను వెతికి ప్రణాళిక వేసే పద్ధతులే పైచేయి సాధించాయి.

అయితే సాల్వర్‌కు ఇచ్చే సంఖ్యలు తప్పయితే అది వేసే ప్రణాళికా తప్పే అవుతుంది, మెషిన్ లెర్నింగ్ అసలు అవసరం ఇక్కడే. స్టేషన్‌లో రైలు నిజంగా ఎంతసేపు ఆగుతుంది, ఈ బరువుతో ఈ సెక్షన్ దాటడానికి ఎంత సమయం పడుతుంది అన్నవి టైమ్‌టేబుల్ చెప్పలేని విషయాలు. వీటిని పాత రికార్డుల నుంచి నేర్పేటప్పుడు ఒక చిక్కును గమనించాలి. ఆరు నిమిషాల్లో దాటగల సెక్షన్‌కు రికార్డులో పదకొండు నిమిషాలు ఉంటే, మిగతా ఐదు నిమిషాలు ఎర్ర సిగ్నల్ దగ్గర గడిచి ఉండవచ్చు, అంటే ఆ ఐదూ అప్పటి కంట్రోలర్ తీసుకున్న నిర్ణయ ఫలితం. దాన్ని ప్రయాణ సమయంగా నేర్చుకున్న మోడల్‌ను సాల్వర్‌కు కలిపితే, సిగ్నల్ దగ్గరి ఆగడాన్ని సాల్వర్ తానూ లెక్కిస్తుంది కనుక, అదే నిరీక్షణ రెండుసార్లు లెక్కకు వస్తుంది. కాబట్టి సిగ్నల్ రికార్డులతో పోల్చి, ఆటంకం లేకుండా నడిచిన సమయాన్ని వేరుచేయడం అన్నిటికంటే ముందు చేయవలసిన పని. నా దృష్టిలో మోడల్ ఎంపిక కన్నా ఇదే ముఖ్యం. అంచనాను కూడా ఒకే సంఖ్యగా కాక, ఎంత అటూ ఇటూ కావచ్చో తెలిపే పరిధిగా తీసుకోండి.

ప్రణాళిక నిలకడ కూడా అంతే అవసరం. రైళ్ల స్థానాలు మారినకొద్దీ సాల్వర్ మళ్లీ మళ్లీ లెక్క వేస్తుంది, స్వల్ప లాభం కోసం క్రితం నిమిషం ఇచ్చిన సూచనను తిరగరాస్తే కంట్రోలర్లు తెరవైపు చూడడం మానేస్తారు. పాత ప్రణాళికను మార్చినందుకు లక్ష్య ప్రమేయంలో (ప్రణాళిక ఎంత మంచిదో కొలిచే సూత్రం) కొంత జరిమానా చేరిస్తే ఈ ఊగిసలాట చాలావరకు తగ్గుతుంది.

కంట్రోలర్ ఒక సూచనను కాదన్నప్పుడు కారణాన్ని కూడా నమోదు చేయించండి. మేము పనిచేసిన మార్గంలో, ప్యాసింజర్‌కు దారివ్వడానికి ఒక గూడ్స్‌ను లూప్‌లో ఆపమన్న సూచనను ఒక సీనియర్ కంట్రోలర్ ప్రతిసారీ తిరస్కరించేవారు. ఆ లూప్ దాటగానే ఎగువ వాలు ఉంది, నిండు బరువుతో ఆగిన గూడ్స్ అక్కడ తిరిగి వేగం అందుకునేలోగా వెనుక రైళ్లన్నీ నిలిచిపోతాయని ఆయన వివరించారు. ఆగి బయలుదేరే రైలుకు, ఆగకుండా సాగే రైలుకు వేర్వేరు ప్రయాణ సమయాలు ఇచ్చాక సాల్వర్ కూడా ఆ గూడ్స్‌ను లూప్‌కు ముందే వచ్చే స్టేషన్‌లో ఆపమనసాగింది.